మామూలు నీళ్ళ నారు

అయినా నీళ్ళకేం తెలుస్తుంది తమలోంచి మెరుపు దూరిపోయిందో లేదో, తెలిసినా వచ్చి చెబుతాయా, చెప్పవలసింది నారు, ఆ నారేమో రెండు వరసల్లోనూ ఒకే ఎత్తున ఒకే పచ్చగా నిలబడి తనను చూసి నవ్వుతోంది, మొలక నవ్వుతోందనుకోవడం మొలకలో ఉన్న లక్షణం కాదు, చూసేవాడి మనసులో ఉన్న జబ్బు, ఇది కూడా తెలుసు, తెలిసినంత మాత్రాన నవ్వు ఆగదు అనుకుంటూ మనోజ్ బోర్లించిన ప్లాస్టిక్ క్రేటు మీద కూర్చుని, మెడ వంచి మరోసారి చూశాడు.

ఎటు నుంచి చూసినా సమానమే.

రెంటచింతలలో అత్తగారి మిరప నర్సరీ అది. ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద నాపరాళ్ళు పరిచి, కొబ్బరిపొట్టు నింపిన ట్రేలు వాటి మీద వరసగా పెట్టారు. పొద్దు ఇంకా సరిగా ఎక్కలేదు గానీ, నెట్టు కింద గాలి ఉడుకుతున్న గిన్నె మీద మూత తీసినట్టు ముఖానికి కొడుతోంది. ఎడమ వరసలో ఉన్నవి ప్లాస్మా నీళ్ళ ట్రేలు. వాటి ముందు వెదురుపుల్ల గుచ్చి ఎర్ర రిబ్బను కట్టాడు. కుడి వరసవి మామూలు బోరు నీళ్ళవి. వాటికి ఏ గుర్తూ పెట్టలేదు. గుర్తు లేకపోవడమే గుర్తు కదా అనుకున్నాడు అప్పుడు.

అత్తగారు దయామణి ఒప్పుకున్న మాటలో మెలిక ఏమీ లేదు. ఎర్ర రిబ్బను వరస ముందుకొస్తే ఈ ఏడు నర్సరీలో పెట్టే విత్తనమంతా అల్లుడి నీళ్ళలోనే నానుతుంది. రాకపోతే ఆ నీళ్ళు చేసే మిషను, మోటార్లు బాగుచేసే జహంగీర్ కొట్లో పాత ఇనుములోకి పోతుంది. ఆదివారం గుడి నుంచి వచ్చాక తేలుస్తానంది. ఇవాళ ఆదివారం. గుడి గంట కొట్టి చాలాసేపయింది.

మనోజ్ నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. చెప్పడం అంటే, ఎవరో ఎప్పుడో చేసిన ప్రయోగాలను బోర్డు మీద గీసి, ఎవరికో వచ్చిన ఫలితాన్ని కింద రాయడం. తనకంటూ వచ్చిన ఫలితం ఒక్కటీ లేదన్న సంగతి ఒకరోజు క్లాసు మధ్యలో, చేతిలో చాక్‌పీస్ ఉండగానే తట్టింది. పిల్లలు సర్ మర్చిపోయారనుకున్నారు. ఆ తర్వాతే ఈ మిషను మొదలైంది. గాజు జాడీలో నీళ్ళు పోసి, నీటి పైన రెండు స్టీలు కడ్డీలు నిలబెట్టి, మధ్యలో చేపల తొట్టి పంపుతో గాలి ఊదుతూ హై వోల్టేజీ ఇస్తే ఊదారంగు మెరుపు పుడుతుంది. ఆ మెరుపే ప్లాస్మా. గాలిలోని నత్రజనినీ ఆక్సిజన్‌నూ అది విరగ్గొట్టి నీళ్ళలో కలుపుతుంది. ఆ నీళ్ళు విత్తనం తోలును మెత్తబరుస్తాయి, మొలకకు మొదటి ముద్ద అందిస్తాయి. ఉరుముల వాన పడిన మర్నాడు చేను ఎందుకంత పచ్చగా ఉంటుందో, ఇదీ అందుకే పనిచేస్తుంది. జహంగీర్ కాయిలు మళ్ళీ చుట్టిచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఒక బ్రాందీ షాపు నియాన్ బోర్డులోంచి ఊడదీసింది. ఆ సంగతి తండ్రి జ్ఞానయ్యకు ఆయన బతికున్నన్నాళ్ళూ చెప్పలేదు.

ఇంట్లో వంటగది గట్టు మీద రెండు సాసర్లలో మిరప విత్తనాలు నానేసి చూసినప్పుడు ప్లాస్మావి ముందు పగిలాయి. మామూలువి ఇంకా నిద్రలోనే ఉన్నాయి. భార్య సలోమి వచ్చి చూసి "బాగుంది" అంది. ఆ మాటను మనోజ్ చాలా రోజులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఉప్పు తగ్గిన కూరను కూడా ఆమె అలాగే బాగుందంటుంది.

మరి ఇక్కడెందుకు సమానం? బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, పల్నాడంతా సున్నపు రాయే, మెరుపు పుట్టించే పులుపును ఆ సున్నం మింగేస్తోందేమో. లేదా ఈ ఎండకు జాడీలోంచి బక్కెట్లోకి వచ్చేలోపే నీటి బలం పోతోందేమో. కానీ ఈ కారణాలన్నీ ఎర్ర రిబ్బను వరస ఎందుకు వెనకబడిందో చెబుతాయి. అది వెనకబడలేదు. అది బాగానే ఉంది. వంటగదిలో వచ్చినట్టే వచ్చింది. వింతంతా కుడి వరసలో ఉంది. మామూలు నీళ్ళ నారుకు ఈ పొగరు ఎక్కడి నుంచి వచ్చింది?

ఫోన్ మోగింది. సలోమి.

"ఏమైంది?"

"సమానంగా వచ్చాయి."

"మంచిదేగా. ఎవరూ ఓడిపోలేదు."

"నేను ఓడిపోయాను."

"అమ్మేమంది?"

"ఇంకా గుడి నుంచి రాలేదు."

"అమ్మ చెయ్యి తగిలితే ఎండుపుల్ల కూడా లేచి కూర్చుంటుందంటారు అక్కడ. రెండు వరసలూ తనే తడుపుతోందా?"

"కొలిచి పోస్తున్నారు, సమానంగా. ఎర్ర రిబ్బను వాటికి ప్లాస్మా నీళ్ళు, ఇటు వాటికి బోరు నీళ్ళు. అంతే. ఇంకేమీ పోయొద్దని నేను చెప్పాను."

"నువ్వు చెప్పావు" అంది సలోమి. పేపర్లు దిద్దుకోవాలని ఫోన్ పెట్టేసింది.

నువ్వు చెప్పావు. ఇందులో ఎగతాళి ఉందా, జాలి ఉందా, లేక ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి మాత్రమే తెలిసిన సమాచారం ఉందా? మనోజ్ లేచి నిలబడ్డాడు. వాకిలి వైపు చెప్పుల చప్పుడు వినబడింది. ఎందుకు చేస్తున్నాడో తనకే తెలియకుండా కొబ్బరిపొట్టు బస్తాల వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. కూర్చున్న మరుక్షణం దొంగను పట్టుకోబోతున్నవాడిగా కాక, దొంగగా అనిపించింది. దాక్కోవడంలోనే ఉంది ఆ గుణం. నర్సరీకి అల్లుడై ఉండి, పెద్దమనిషై ఉండి, ఉద్యోగస్తుడై ఉండి, పొట్టు బస్తాల వెనక మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఉన్న ఈ మనిషిని ఎవరైనా ఎలా పోల్చుకుంటారు?

దయామణి వచ్చింది. గుడికి కట్టే తెల్లచీర ఇంకా మార్చలేదు. సరాసరి కుడి వరస దగ్గరికి నడిచింది. చేతిసంచిలోంచి ఒక సీసా తీసింది. గుణదల తిరునాళ్ళలో అమ్మే ప్లాస్టిక్ సీసా అది, మరియమాత ఆకారంలో ఉంటుంది, తల మీది నీలం కిరీటమే మూత. కిరీటం తిప్పి, అరచేతిలోకి కాసిని నీళ్ళు ఒంపుకుని, ట్రేల మీద చల్లడం మొదలుపెట్టింది.

"తాగండమ్మా, తాగండి. మీకెవురూ లేరనుకోమాకండి. మా అల్లుడు చూడకపోతే ఏందంట. నేనున్నా గదా."

మనోజ్ తుమ్మాడు. కొబ్బరిపొట్టు దుమ్ము అలాంటిది.

"ఎవుర్రా అది?"

"నేనే అత్తమ్మా."

"ఏందయ్యా, ఆ బస్తాల్లో ఏం జేత్తన్నావు? తేళ్ళుంటయ్యి అక్కడ."

"చూస్తున్నాను."

"తేళ్ళనా?"

"మిమ్మల్ని."

దయామణి సీసా దాచుకోలేదు. దాచుకుని ఉంటే మనోజ్‌కు కాస్త బలం వచ్చేది. కిరీటం సరిగ్గా బిగించి, సీసాను అలాగే చేత్తో పట్టుకుని నిలబడింది. అతను చొక్కాకు అంటిన పొట్టు దులుపుకుంటూ ముందుకొచ్చాడు.

"అత్తమ్మా, ఇవి మామూలు నీళ్ళ ట్రేలు."

"తెలుసయ్యా. అందుకేగా చల్లేది."

"వీటికి మామూలు నీళ్ళు తప్ప ఏదీ తగలకూడదు."

"ఏం తగిలింది? ఫాదర్ గారు దీవించిన నీళ్ళు. ఏమన్నా పురుగుల మందా?"

"ఎప్పటి నుంచి చల్లుతున్నారు?"

"ఇత్తనం పెట్టిన కాడ నుంచి. రోజూ పొద్దున్నే."

"ఎర్ర రిబ్బను వాటికి కూడానా?" అని అడిగాడు ఆశగా. రెండిటికీ చల్లి ఉంటే ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టే.

"దానికెందుకు? దానికి నువ్వున్నావు, కరెంటుంది, మిషనుంది. రిబ్బను గూడా కట్టావు, పెళ్ళికూతురు లెక్క కూచుంది. ఈటికేముంది చెప్పు? పేరు గూడా పెట్టలా. ఒక్క కాయలోంచి తీసిన ఇత్తనాలు గదయ్యా. ఒకదాన్ని పీట మీద కూచోబెట్టి ఇంకోదాన్ని గడప బయట నిలబెట్టావు. నేను చూస్తా ఊరుకోవాల్నా?"

"అది పోల్చడానికి. ఒకటి ఊరికే వదిలేస్తేనే రెండోదాని గొప్ప తెలిసేది."

"నా నర్సరీలో ఊరికే వదిలేసింది ఏదీ ఉండదు. సలోమినీ చిన్నదాన్నీ గూడా అట్టా పెంచలా నేను, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని కొలుద్దామని."

మనోజ్‌కు దొరికిన జవాబు ఇంగ్లీషులో ఉంది, పాఠ్యపుస్తకంలో ఉంది, అత్తగారి ముందు దాన్ని తెలుగులో పెడితే క్రూరత్వంలా వినిపించేలా ఉంది.

అంతలో మహమూదా వచ్చింది. ఆమె మోటార్లు రిపేరు చేసే జహంగీర్ భార్య, పక్కిల్లే. సీజన్లో నర్సరీలో ట్రేలు నింపే పనికి వస్తుంది, దయామణిని అక్కా అంటుంది. చేతిలో కూల్‌డ్రింకు సీసా ఉంది. దాంట్లో నీళ్ళు. మనోజ్‌ను చూసి ఆ సీసాను కొంగు కిందికి తోసింది. తర్వాత దయామణి చేతిలో ఉన్న మరియమాతను చూసింది.

"ఓసోస్, అక్కా! నువ్వు గూడానా?"

"నువ్వు గూడా అంటే ఏందే?"

మహమూదా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. "తప్పుగా అనుకోమాకండి అల్లుడుగారూ. మిషను మా ఇంటాయన చుట్టింది గదా, అది ఎట్టాగూ బాగుంటది, దానికి ఒకరు చేసేదేముంది? ఇటుపక్కయ్యే పాపం దిక్కులేనట్టున్నయ్యి."

"ఏం పోశారు?"

"మా మామ దువా చదివి ఊదిన నీళ్ళు. జొరమొచ్చిన పిల్లలకి తాగిస్తాం. శుక్రారం పూట కొంచెం, అంతే."

"శుక్రవారం ఒక్కసారే కదా?"

"మంగళారం గూడా" అంది మహమూదా, నేల చూస్తూ. "ఎండ ఎక్కువున్నప్పుడు మజ్జమజ్జలో."

దయామణి పెద్దగా నవ్వింది. "అందుకేనా ఇంత ఏపుగా లేచినయ్యి! నేను నా ఒక్కదాని వల్లే అనుకుంటన్నా."

మనోజ్ క్రేటు మీద కూర్చున్నాడు. అతని మనసు ఇలాంటి సమయాల్లో కాళ్ళు లేని కుర్చీలాంటిది కాదు, కాళ్ళు ఎక్కువైన కుర్చీలాంటిది, ఎటు ఒరగాలో తేల్చుకోలేదు. కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. మొదట మెల్లగా, తర్వాత ఒళ్ళంతా వేడెక్కేలా. కుడి వరసకు దేవుడి సాయం రెండు వైపుల నుంచీ అందింది. ఎడమ వరసకు తన నీళ్ళు తప్ప ఏ ఆసరా లేదు. అయినా రెండూ సమానం. అంటే ఏమిటి? బ్రాందీ షాపు ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే గుడితో, మసీదుతో కలిపి సరితూగింది! ఇంతకన్నా పెద్ద ఫలితం ఏ ప్రయోగశాలలోనైనా వచ్చిందా? ఎవరితోనైనా చెప్పుకోగలిగితే బాగుండేది. ఈ ఊళ్ళో చెబితే తనను నరసరావుపేట బస్సు ఎక్కించడానికి ఇద్దరు మనుషులు చాలు, ఒకరు ఇటు నుంచి, ఒకరు అటు నుంచి.

ఆ సంతోషం జహంగీర్ వచ్చేదాకా నిలిచింది.

జహంగీర్ మోపెడ్ ఆపి, నూనె చేతులు లుంగీకి తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. రోజూ పొద్దున్నే మిషను ఆన్ చేసి జాడీ నింపే పని అతనిదే. మనోజ్ ఆదివారాలే వస్తాడు కాబట్టి మిగతా రోజులు మిషనుకు తండ్రి జహంగీరే. తీర్పు వినడానికి వచ్చాడు.

"ఏం వదినా, ఎవురు గెలిచారు?"

"సమానం" అంది దయామణి.

"సమానమా?" జహంగీర్ ముఖం ఎర్రబడింది. "నా చుట్టు సమానమా? సారూ, ఆ కాయిలు ఒక్క పోగు తేడా లేకుండా చుట్టా నేను. తప్పంటూ ఉంటే మీ నీళ్ళల్లో ఉండాల, నా చుట్టులో కాదు."

"మీ చుట్టులో తప్పు లేదు జహంగీర్ గారూ. కుడి పక్క ట్రేలకు వీళ్ళిద్దరూ..."

"దువా నీళ్ళు పోశాం" అంది మహమూదా.

"అంతేనా? దానికేముంది" అన్నాడు జహంగీర్ తేలిగ్గా. "మంచిదే. నేను గూడా పోత్తన్నా గదా."

పైన నెట్టు గాలికి ఒకసారి ఊగి ఆగింది.

"మీరేం పోస్తున్నారు?" అన్నాడు మనోజ్.

"మిగిలిన నీళ్ళు సారూ. జాడీలో రోజూ కాసిని మిగులుతయ్యి. ఎర్ర రిబ్బనుకి ఇంతకు మించి పోయొద్దని గీత గీసిచ్చారు మీరు. గీత దాటలా నేను, ఒట్టు. మరి మిగిలింది ఏం జేయాల? అంత కరెంటు తాగిన నీళ్ళు, తీసకపోయి బోది కాలవలో పోత్తామా? ఇయ్యి పక్కనే ఉన్నయ్యి. బోసిగా. ఈటికి పోశా."

"రోజూనా?"

"మిగిలిన రోజల్లా. మిగలకపోతే ఇంకో రౌండు ఆన్ చేసి మిగిలిచ్చా" అన్నాడు జహంగీర్, తన శ్రద్ధకు తానే మురిసిపోతూ.

అంటే మామూలు నీళ్ళ నారు మామూలు నీళ్ళు తాగనే లేదు. దీవెన తాగింది, దువా తాగింది, ఆపైన ప్లాస్మా తాగింది. ఇప్పుడు లెక్క మళ్ళీ మొదటి నుంచి. రెండు వైపులా ప్లాస్మా ఉన్నప్పుడు దాన్ని రెండు వైపుల నుంచీ కొట్టేయాలి. కొట్టేస్తే ఇటు దీవెన, దువా మిగులుతాయి, అటు సున్నా మిగులుతుంది. రెండూ సమానం. కాబట్టి దీవెన, దువా కలిపి... మనోజ్ లెక్కను అక్కడే ఆపేశాడు. కొన్ని సమీకరణాలు చివరి మెట్టు దాకా చేయకూడదు, ముఖ్యంగా అత్తగారింట్లో. అసలు అలా కొట్టేయడానికి కూడా కుదరదు. ఎవరు ఎంత పోశారో ఎవరికీ తెలియదు. ఈ నారు ఏ మాటకూ సాక్ష్యం చెప్పలేదు. ఇది బలంగా ఉంది, అంతే.

కానీ ఒక సంగతి అతన్ని పట్టుకుని వదలడం లేదు. ముగ్గురు మనుషులు, ఒకరితో ఒకరు అనుకోకుండా, ఆ గుర్తు లేని వరస దగ్గరికే ఎందుకు వెళ్ళారు? పోయిన ఆదివారం తను చేసిన పని ఒకటి కళ్ళ ముందుకొచ్చింది. నెట్టు చిరుగులోంచి ఎండ పడుతోందని కుడి వరస ట్రేలను పక్కకు జరిపాడు. న్యాయం కోసమే జరుపుతున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. ఎర్ర రిబ్బను మీద కూడా ఎండ పడుతోందేమోనని తల తిప్పి చూడలేదు. అంటే నలుగురు.

"సరే, సమానమంటే ముందుకు రానట్టేగా" అంది దయామణి. "మాటంటే మాట. జహంగీరూ, మిషను తీసకపో."

"నేను తీసకపోను వదినా. అది బతికున్న మిషను."

"అత్తమ్మా, ఈ తీర్పు చెల్లదు" అన్నాడు మనోజ్.

ముగ్గురూ అతని వైపు చూశారు. ఈ ఇంట్లో అతను ఇంతవరకు కూర వద్దని కూడా అనలేదు. ఇప్పుడు కారణం చెప్పాలి. మీరు పాడుచేశారు అనాలి. మీ దీవెన వల్ల పాడయింది అనాలి. వాక్యాలు ఒక్కొక్కటే తయారై, పెదవుల దాకా వచ్చి, అత్తగారి చేతిలోని నీలం కిరీటాన్ని చూసి వెనక్కి పోయాయి.

"మళ్ళీ పెడదాం" అన్నాడు చివరికి. "ఈ వారంలోనే. నర్సరీ విత్తనమంతా పెట్టేలోపు ఇంకొక్కసారి."

దయామణి ఆలోచించింది. నారు వైపు చూసింది, అల్లుడి వైపు చూసింది. రెండిట్లో దేనికి నీళ్ళు తక్కువయ్యాయో పోల్చుకుంటున్నట్టుంది.

"పెట్టు. కానీ ముందే చెప్తన్నా. నా నర్సరీలో దీవెన లేకండా ఒక్క ఇత్తనం పొట్టులోకి పోదు. నీ సైన్సు కోసమని గూడా పోదు."

మనోజ్ తల దించుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు. దీవెనను ఆపలేడు. ఆపమని దేవుణ్ణి కూడా అడగలేడు, ఆయనా వీళ్ళ వైపే ఉంటాడు. అలా తల దించుకుని ఉండగా, తను పదేళ్ళుగా పిల్లలకు చెబుతున్న వాక్యం, ఎప్పుడూ తనకు అక్కరకు రాని వాక్యం, మొదటిసారి అర్థమైంది. ప్రయోగంలో ఏ వస్తువు ఉన్నా తప్పు లేదు, అది రెండు వైపులా సమానంగా ఉంటే చాలు.

"రెండిటికీ ఇవ్వండి" అన్నాడు.

"ఏంది?"

"దీవెన. ఎర్ర రిబ్బనుకీ, ఇటు దానికీ. సమానంగా. ఊదిన నీళ్ళు కూడా రెండిటికీ."

"మరి మిగిలిన నీళ్ళు?" అన్నాడు జహంగీర్.

"అవి మాత్రం దేనికీ వద్దు. ఈసారి విత్తనం నానబెట్టేవరకే నా నీళ్ళు. ట్రేల్లో పెట్టాక అన్నిటికీ బోరు నీళ్ళే."

"బోదిలో పారబోయమంటారా?"

"మా గోరింట చెట్టుకి పోసెయ్యి" అంది మహమూదా. "ఎంతెర్రగా పండుద్దో చూద్దాం."

పని మొదలైంది. జహంగీర్ మిషను ఆన్ చేశాడు. కడ్డీల కొసన ఊదారంగు వెలుగు సన్నగా బుసకొట్టింది, ఉరుముల వాన ముందు వచ్చే వాసన నెట్టు కిందంతా నిండింది. దయామణి రెండు ఒకేలాంటి స్టీలు గిన్నెలు తెచ్చి నాపరాయి మీద పెట్టింది. ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఒకదాంట్లో జాడీలోవి. రెండిట్లోనూ పిడికెడు పిడికెడు విత్తనం. మహమూదా కూల్‌డ్రింకు సీసా మూతతో రెండిటికీ కొలిచి పోసింది. పోసేటప్పుడు బోరు నీళ్ళ గిన్నె దగ్గర మూత కొంచెం పొంగింది. మనోజ్ చూశాడు. మహమూదా కూడా చూసింది.

"చేతికి తెలవదు గదా అల్లుడుగారూ" అంది, వెళ్ళి రెండో గిన్నెలో ఇంకో బొట్టు వేసి వచ్చింది.

దయామణి మరియమాత సీసాను మనోజ్ ముందుకు చాపింది.

"నువ్వు చల్లు."

"నేనా?"

"నా చెయ్యి నాకు తెలుసయ్యా. దిక్కులేని దాని దగ్గరికొచ్చేసరికి దానంతటదే ఎక్కువ పోత్తది. నీదైతే సైన్సు చెయ్యి. సమానంగా పడుద్ది."

సీసా తేలిగ్గా ఉంది. మనోజ్‌కు మాత్రం బరువుగా తోచింది. తండ్రి జ్ఞానయ్య నరసరావుపేట బాప్టిస్టు సంఘంలో పెద్ద. నీళ్ళ విషయంలో ఆయనకు ఒకే పట్టుదల ఉండేది. బాప్తిస్మమంటే మనిషి నీళ్ళలో మునగాలి. చల్లడం అనేది చేతగానివాళ్ళు కనిపెట్టిన పని. మనోజ్ పెళ్ళి ఈ ఊరి గుడిలోనే జరిగింది. ఫాదర్ గారు నీళ్ళు చల్లుతూ వస్తుంటే జ్ఞానయ్య కళ్ళజోడు తుడుచుకునే నెపంతో వెనక్కి వెనక్కి జరిగి, చివరికి ద్వారం బయట ఎండలో నిలబడ్డాడు. పెళ్ళి ఫోటోల్లో ఎందులోనూ ఆయన పొడిగా తప్ప కనబడడు. తర్వాత మనోజ్ ఏ గుడికీ పోవడం మానేశాడు. తండ్రితోనూ, అత్తగారితోనూ సమాన దూరంలో ఉండడం ఒక్కటే అతనికి చేతనైన ధర్మం. ఇప్పుడు ఆ మధ్య జాగాలో ఈ సీసా పట్టుకుని నిలబడ్డాడు. నాన్నా, ఇది చల్లడం కాదు, రెండు వైపులా ఒకే పరిస్థితి కల్పించడం, అన్నాడు లోపల. తండ్రి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మనోజ్ జేబులోంచి డ్రాపర్ తీశాడు.

"అదేంది?" అంది దయామణి.

"చుక్కలు లెక్కపెట్టడానికి."

"దీవెనని డ్రాపర్‌తో ఏత్తావా? అదేమన్నా చెవిపోటు మందా?"

జహంగీర్ పక్కకు తిరిగి నవ్వాడు. మనోజ్ డ్రాపర్‌ను తిరిగి జేబులో పెట్టుకున్నాడు. నీలం కిరీటం తిప్పి తీశాడు. నీళ్ళు అరచేతిలోకి ఒంపుకున్నాడు, గోరువెచ్చగా ఉన్నాయి. చెయ్యి ముందుకు చాచాడు. చాచిన చెయ్యి ఎటు పోతోందో చూశాడు. అది అతన్ని అడగకుండా బోరు నీళ్ళ గిన్నె మీదికి పోతోంది.

సైన్సు చెయ్యి! తన సొంత మిషను నీళ్ళు ఇవతల గిన్నెలో ఊదారంగు వాసనతో ఎదురుచూస్తుంటే, చెయ్యి ఆ దిక్కులేని గిన్నె మీద జాలిగా ఆగి ఉంది. ఈ ఊరి నీళ్ళలోనే ఉంది ఆ గుణం, లేదా మనుషులందరిలోనూ ఉంది, ఏదైతేనేం, కళ్ళు తెరిచి ఉన్నంతసేపు ఈ చెయ్యి న్యాయం చేయదు.

చేతిలో నీళ్ళు కారిపోకుండా వెనక్కి తీసుకుని, గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"జహంగీర్ గారూ, గిన్నెలు అటూ ఇటూ మార్చండి. ఏది ఏదో నాకు తెలియకూడదు. వీళ్ళకు కూడా తెలియకూడదు. మీరొక్కరే గుర్తుపెట్టుకోండి, మొలకలు లేచేదాకా ఎవరికీ చెప్పకండి."

"మా ఆవిడకి గూడానా?"

"ముఖ్యంగా మీ ఆవిడకి."

"నేను చూడనులే" అంది మహమూదా. "కళ్ళు మూసుకున్నా."

నాపరాయి మీద స్టీలు గిన్నెలు గీసుకుంటున్న చప్పుడు వినబడింది. ఒకసారి, మళ్ళీ, మళ్ళీ. జహంగీర్ ఈ పనిని కూడా ఒక్క పోగు తేడా లేకుండా చేస్తున్నట్టున్నాడు. తర్వాత చప్పుడు ఆగింది. పక్కన చీర కొంగు తల మీదికి లాక్కుంటున్న గరగర. ఇంకోపక్క గాజులు చప్పుడు చేసి సద్దుమణగడం, దువాకు చేతులు చాచి అరచేతులు తెరిచినప్పటి చప్పుడు అది.

"ఏం వదినా, ఇంకా ఎందుకు..." అనబోయాడు జహంగీర్.

"ఉష్" అంది దయామణి, మనోజ్ ఎప్పుడూ వినని మెత్తని గొంతుతో. "అల్లుడు ప్రార్థనలో ఉన్నాడు."

కాదు. ఇది ప్రార్థన కాదు, పద్ధతి. చేసేవాడికి కూడా ఏది ఏదో తెలియకుండా ఉంచే పద్ధతి, ప్రపంచమంతా పాటించే పద్ధతి. ఆ వాక్యం మొత్తం, ఎక్కడా తడబాటు లేకుండా, మొదటిసారి మంచి తెలుగులో నాలుక మీదికి వచ్చి నిలబడింది. మనోజ్ దాన్ని అక్కడే ఉంచాడు. కళ్ళు మూసుకునే, రెండో చేతి వేళ్ళను అరచేతిలోని నీళ్ళలో ముంచి, ఎదురుగా ఉన్నది ఏ గిన్నెయో తెలియకుండా, చల్లాడు.